తూము దగ్గర కూర్చుని చెరువు మట్టం చెప్పడం

మా తాత పరకాల దగ్గర ఒక ఊరికి నీరటి. కట్ట ఎక్కకుండానే, తూములో నీళ్ల వేగం చూసి చెరువు ఎంత నిండిందో చెప్పేవాడు. హనుమకొండలో ఒక ప్రయోగశాలలో నేను చేస్తున్నదీ అదే పని. అర్ధవాహకం వెదజల్లే కాంతిని చూసి, లోపల ఎలక్ట్రాన్లు, హోల్స్ (ఎలక్ట్రాన్లు వదిలిన ఖాళీలు) ఎంతసేపు నిలిచాయో లెక్కగడతాను.

మిథైల్‌అమోనియం లెడ్ అయొడైడ్ అనే అర్ధవాహకం పొర తీసుకోండి. 405 నానోమీటర్ల లేజర్ పల్స్ పడితే 770 నానోమీటర్ల దాపులో వెలుగుతుంది. డిటెక్టర్ ముందు లేజర్‌ను ఆపే ఫిల్టర్ తప్పనిసరి. వానాకాలంలో నమూనాను నత్రజనిలో ఉంచండి. మన తేమకు అది పసుపు రంగుకు తిరుగుతుంది.

తర్వాత పల్స్‌ల మధ్య ఎడం చూసుకోండి. నేను బోల్తా పడింది ఇక్కడే. 20 మెగాహెర్ట్జ్‌లో నడిపాను, అంటే 50 నానోసెకన్లకో పల్స్. నమూనా వెలుగు ఆయుర్దాయమేమో, అంటే అది ఆరడానికి పట్టే సమయం, 200 నానోసెకన్లు. పాత వెలుగు ఆరకముందే కొత్త పల్స్ పడుతోంది. తెరమీద వెలుగు ఆరే తీరు చూపే గీత, శిఖరానికి ఎడమవైపు ఎంతకీ కిందికి దిగకపోతే, గదిలోకి వెలుతురు వస్తోందనుకుని రెండు రోజులు కిటికీలకు నల్లగుడ్డలు కట్టాను! 1 మెగాహెర్ట్జ్‌కు తగ్గించగానే గీత దిగింది. ఎడం ఆయుర్దాయానికి కనీసం అయిదు రెట్లుండాలి.

పల్స్ పడ్డాక ఫొటాన్ (కాంతి రేణువు) ఎంతసేపటికి వచ్చిందో డిటెక్టర్ గడియారం కొలుస్తుంది. ఒక్కో పల్స్‌కు మొదట వచ్చిన ఫొటాన్‌నే అది పట్టుకుంటుంది. అందుకే నూరు పల్స్‌లకు ఒకటి నుంచి అయిదు ఫొటాన్లకు మించనివ్వకండి. మించితే ఆయుర్దాయం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. తగ్గించడానికి మసక ఫిల్టర్ డిటెక్టర్ వైపు పెట్టండి. లేజర్‌ను తగ్గిస్తే చెరువు మట్టమే, అంటే లోపలి ఎలక్ట్రాన్ల సంఖ్యే మారిపోతుంది.

మట్టం మార్చడం అసలు పరీక్ష, దాన్ని విడిగా చేయాలి. లేజర్ తీవ్రతను పదేసి రెట్లు మారుస్తూ కనీసం మూడు గీతలు తీయండి. కట్టకు బుంగ పడితే నీళ్లు ఎంత తక్కువున్నా కారుతూనే ఉంటాయి. పదార్థంలోని లోపాల్లో చిక్కి పోయే ఎలక్ట్రాన్లూ అంతే, వాటికి వెలుగుండదు. తూము అంటే ఎలక్ట్రాన్, హోల్ కలిసి వెలిగే దారి. మత్తడి చెరువు నిండితేనే దుముకుతుంది. మూడు కణాలు ఢీకొనే ఓజే ప్రక్రియ కూడా తీవ్రత బాగా పెరిగితేనే పైచేయి సాధిస్తుంది. తక్కువ తీవ్రతలో, కాంతిని లాగ్ (సంవర్గమాన) స్కేలులో గీసిన గ్రాఫ్ తిన్నని గీతయితే బుంగదే రాజ్యం. తీవ్రత పెంచినకొద్దీ మొదటి భాగం నిటారుగా పడుతుంటే మిగతా రెండింటిలో ఒకటో, రెండూనో తెరుచుకున్నట్టు.

ఇంకొక మెలిక. ఎలక్ట్రాన్లు, హోల్స్ సమానంగా ఉన్నప్పుడు కాంతి వాటి సాంద్రత వర్గాన్ని బట్టి ఉంటుంది. అప్పుడు లోపాల వల్ల తరుగుతుంటే, కాంతి ఆయుర్దాయం అసలు ఆయుర్దాయంలో సగమే. ఈ సగం మరిచి రాసిన పట్టికలు నేను చాలా దిద్దాను.

చివర మొదటి గీతనే మళ్లీ తీయండి. రెండూ ఒకదానిపై ఒకటి కూర్చోకపోతే నమూనా మధ్యలో మారిందన్నమాట. ఆ రోజు కొలతలన్నీ పక్కన పడేయండి.