దేవుడు నన్ను ఎందుకు పుట్టించాడో తెలుసుకోవడం ఎలా?

నా జీవితం మీద దేవుడి ప్లాన్ ఏంటా అని టెన్షన్ పడుతూ, ఆకాశం నుంచి స్వరం వినిపించాలని ఎదురుచూడకండి. ముందు బైబిల్లో యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం మొత్తం చదవండి. మీకు మేలు చేసే ఆలోచనలే నాకున్నాయి అని దేవుడు చెప్పే 11వ వచనం ఒక్కటే అందరూ స్టేటస్‌లో పెట్టుకుంటారు గానీ, అది బబులోనుకు బందీలుగా వెళ్లిన యూదులకు రాసిన ఉత్తరం, 70 ఏళ్లు ఆగాలని దాని ముందు వచనంలోనే ఉంది, అప్పటిదాకా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. అంటే ఇప్పుడున్న చోటే మొదలుపెట్టాలి.

ఇక ఆరాధన. మనసు బాగున్నప్పుడే పాడాలని రూలేం లేదు. బైబిల్లోని కీర్తనల గ్రంథంలో 13వ కీర్తన తెరవండి, ఆరే వచనాలు. ఎన్నాళ్లు నన్ను మర్చిపోతావు అన్న నిలదీతతో మొదలై పాటతో ముగుస్తుంది. పొద్దున్నే ఫోన్ పట్టుకోకముందే దాన్ని పైకి చదివి, మీ సొంత గోడు కూడా చెప్పేయండి. దేవుడేమీ నొచ్చుకోడు.

తర్వాత మూడు వారాలపాటు నోట్‌బుక్‌లో రాయండి: ఎవరి కష్టం చూస్తే ఊరుకోలేకపోతున్నాను, ఏ పని అడక్కుండానే నా దగ్గరికి వస్తోంది. నేను రాసినప్పుడు గొప్ప విషయాలేమీ రాలేదు, ఆరాధన అయ్యాక ఒంటరిగా మిగిలిపోయినవాళ్ల పక్కన కూర్చోవడం అన్నదే పదే పదే వచ్చింది. ఇప్పుడు అదే చేస్తున్నా.

వయసైపోయిందంటారా? ఐగుప్తు రాజు ఫరోతో మాట్లాడేనాటికి మోషేకి 80 ఏళ్లు. మీరు రాసుకున్నది మాత్రం సంఘంలో మిమ్మల్ని బాగా ఎరిగిన ఇద్దరికి చూపించండి, మన గురించి మన అంచనాలు తరచూ తప్పుతాయి.