బత్తాయి టార్టు: పెంకు గుల్లగా రావాలంటే

పైభాగం తెరిచి ఉండే టార్టు గానీ, పిండి మూత వేసే ‘పై’ గానీ ఇంట్లో చేసేవారిని ఎక్కువగా నిరాశపరిచేది లోపలి పండు గుజ్జు కాదు, దాన్ని మోసే మైదా పెంకు. నల్లగొండలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, వెన్న మాత్రం 32 నుంచి 35 డిగ్రీలకే కరిగిపోతుంది. ఒక మే నెల మధ్యాహ్నం నేను తొందరపడి కలిపిన పిండి చేతులకు అంటుకుపోయి, ఓవెన్‌లో అంచులు జారి, అచ్చు అడుగున ముద్దగా మిగిలింది. అప్పటినుంచి ఈ పనిని తెల్లవారగానే, పొయ్యి వెలిగించకముందే మొదలుపెడుతున్నాను.

గరిజెలు చేసే ఇళ్లలో పిండికి కొవ్వు పట్టించడం కొత్త సంగతి కాదు. అయితే గరిజెల పిండిలో కాగిన నూనెనో నెయ్యినో పోస్తాం, అది పిండికంతా సమంగా పట్టి గుల్లదనాన్ని ఇస్తుంది. ఇక్కడ అందుకు భిన్నంగా వెన్న చల్లగా, చిన్న ముక్కలుగానే పిండిలో నిలిచి ఉండాలి, ఎందుకంటే ఓవెన్ వేడికి ఆ ముక్కల్లోని నీరు ఆవిరై పిండిని పొరలుగా విడదీస్తుంది.

8 అంగుళాల అచ్చుకు 200 గ్రాముల మైదా, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన 100 గ్రాముల వెన్న, ఒక చెంచా చక్కెర పొడి సరిపోతాయి. ఉప్పు లేని వెన్నయితే చిటికెడు ఉప్పు వేయాలి. వెన్నను ముక్కలుగా కోసి, అరచేయి తగలకుండా వేళ్ల కొసలతోనే మైదాలో నలపాలి. పిండి బొంబాయి రవ్వలా మారి, అక్కడక్కడా శనగపప్పంత వెన్న పలుకులు కనిపిస్తున్నప్పుడే ఆపి, మూడు నాలుగు పెద్ద చెంచాల ఐసు నీళ్లు చల్లి దగ్గరికి చేర్చాలి. చపాతీ పిండిలా పిసికితే సాగే గుణం వచ్చి, కాలేటప్పుడు పెంకు ముడుచుకుపోతుంది. ముద్దను బిళ్లలా నొక్కి, మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి.

ఒత్తడానికి ముందు గ్రానైటు గట్టు మీద ఐసు ముక్కలున్న స్టీలు పళ్లెం కాసేపు పెట్టి, తడి తుడిస్తే బండ చల్లబడుతుంది. ఒత్తిన పిండిని లాగకుండా అచ్చులో పరచి, ఫోర్కుతో పొడిచి, మరో 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. తర్వాత బేకింగ్ కాగితం పరచి, పిండి పొంగకుండా బరువు కోసం దాని మీద రాజ్మా గానీ శనగలు గానీ నింపి, ముందుగా 190 డిగ్రీలకు వేడెక్కించిన ఓవెన్‌లో 15 నిమిషాలు కాల్చాలి. గింజలు తీసేసి, అడుగు బంగారు రంగుకు వచ్చేదాకా ఇంకో 10 నిమిషాలు ఉంచాలి. ఆ గింజలు వండుకోవడానికి పనికిరావు కాబట్టి డబ్బాలో దాచి, ప్రతిసారీ ఇదే పనికి వాడుకోవచ్చు.

మన జిల్లా బత్తాయిలో పులుపు తక్కువ, అందుకే నిమ్మ తోడు కావాలి. 200 మిల్లీలీటర్ల బత్తాయి రసం, రెండు నిమ్మకాయల రసం, 100 గ్రాముల చక్కెర, మూడు గుడ్ల పచ్చసొనలు, మూడు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ ఉండలు లేకుండా కలిపి, సన్నని మంట మీద గరిటె ఆపకుండా తిప్పాలి. చిక్కబడి బుడగలు వచ్చాక ఒక నిమిషం ఉడికించి, దించి, 50 గ్రాముల వెన్న కలిపి, చల్లారిన పెంకులో పోయాలి. బత్తాయి రసం నిలవ ఉంటే చేదెక్కుతుంది, కాబట్టి మిగతావన్నీ సిద్ధమయ్యాకే పండ్లు పిండాలి.

పాలమూరు బాలానగర్ సీతాఫలాలు దొరికే కాలంలో గుజ్జును అసలు ఉడికించకూడదు, వేడి తగిలితే అదీ చేదవుతుంది. గింజలు ఒక్కటీ నలగకుండా ఏరివేసి, నీరు వడగట్టిన గట్టి పెరుగులో గుజ్జు కలిపి, కాల్చి చల్లార్చిన పెంకులో నింపితే చాలు.

కొల్లాపూర్ మామిడితో ‘పై’ చేయదలిస్తే పిండి రెట్టింపు కావాలి, పండు దోరగా ఉండాలి. ముక్కలకు చక్కెర, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ పట్టించి, పచ్చి పెంకులో నింపి, మూత అంచులు గరిజెల్లాగే మడిచి, ఆవిరి పోవడానికి మూతకు నాలుగు గాట్లు పెట్టాలి. 190 డిగ్రీల దగ్గర 45 నుంచి 50 నిమిషాలు, ఆ గాట్లలోంచి రసం చిక్కగా పొంగేవరకు కాల్చి, కోసే ముందు కనీసం రెండు గంటలు ఆరనివ్వాలి.