బాత్‌టబ్ నల్లాను రెండోసారి విప్పే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

వాషర్ మార్చిన మూడో రోజునే నల్లా మళ్లీ కారడం మొదలైతే చాలామంది చేసే మొదటి పని, పిడిని ఇంకాస్త బలంగా బిగించడం. చుక్క ఆ పూటకు ఆగుతుంది గాని, లోపల రబ్బరు వాషర్ ఇత్తడి సీటు (వాషర్ ఆనుకుని నీటిని ఆపే అంచు) మీద నలిగి గాటు పడుతుంది. దానితో వారం తిరగకముందే కారడం మునుపటికంటే పెరుగుతుంది. రెండోసారి విప్పవలసి వచ్చిందంటే మొదటిసారి మార్చిన భాగంలో అసలు దోషం లేదేమోనని అనుమానించాలి. కాబట్టి పానా చేతబట్టే ముందు నీరు ఏ వైపు నుంచి, ఏ భాగం నుంచి వస్తోందో తేల్చుకోవాలి.

ఈ పనిని శివరాత్రికి, ఉగాదికి మధ్య ముగించుకోవడం మంచిది. హైదరాబాద్‌లో ఎండలు ముదిరేకొద్దీ బోర్లలో నీటిమట్టం పడిపోతుంది, ట్యాంకర్ కోసం ఎదురుచూడవలసి వస్తుంది. అలాంటి రోజుల్లో వాల్వు విరిగి ట్యాంకు ఖాళీ అయితే మళ్లీ నింపుకోవడం సులభం కాదు. ఎంత నీరు పోతోందో తెలుసుకోవాలంటే నల్లా కింద మగ్గు పెట్టి గంట ఆగండి. గంటకు లీటరు చొప్పున కారితే రోజుకు 24 లీటర్లు, నెలకు 720 లీటర్లు పోయినట్టే.

స్నానం ముగిసిన వెంటనే కొన్ని నిమిషాల పాటు పడే చుక్కలను మాత్రం ఈ లెక్కలో చేర్చకూడదు. షవర్ గొట్టంలో, టబ్ మూతిలో నిలిచిన నీరు మెల్లగా దిగుతుంది, అది లోపం కాదు. ఈ తేడా గమనించక మంచి కార్ట్రిడ్జిని (నల్లా లోపల నీటిని తెరిచి మూసే భాగాన్ని) తీసి పారేసినవారిని నేను చూశాను. కనీసం అరగంట తరువాత కూడా చుక్క పడుతుంటేనే పనికి పూనుకోవాలి.

వేడినీటికి, చన్నీటికి విడివిడిగా పిడులున్న మిక్సర్ అయితే ఒక చిన్న పరీక్ష సగం సమస్యను తేల్చేస్తుంది. గీజర్ స్విచ్ ఆపి, గీజర్‌లోకి నీరు వెళ్లే యాంగిల్ కాక్ (గోడ దగ్గరి చిన్న వాల్వు) మూసి, గంటసేపు గమనించండి. చుక్క ఆగిపోతే దోషం వేడినీటి వైపు ఉంది; అదే వేగంతో పడుతూ ఉంటే చన్నీటి వైపు ఉంది; తగ్గి మిగిలితే రెండువైపులా ఉంది. మా ఇంట్లో వచ్చిన పనివాడు రెండుసార్లూ చన్నీటి వైపే మార్చి డబ్బు తీసుకుని వెళ్లాడు. ఈ పరీక్ష చేశాక కారేది వేడినీటి వైపని తెలిసింది. ఒకే లివరున్న నల్లాకు ఈ పరీక్ష అంత ఉపయోగపడదు, ఎందుకంటే అందులో రెండు దారులనూ ఒకే కార్ట్రిడ్జి మూస్తుంది.

నీరు ఎక్కడ కనిపిస్తోందో కూడా చూడాలి. మూతి నుంచి చుక్క పడితే వాషర్, సీటు లేదా కార్ట్రిడ్జిని అనుమానించాలి. నల్లా తెరిచినప్పుడు మాత్రమే పిడి మొదట్లో ఊరితే అది స్పిండిల్ (పిడితో తిరిగే కడ్డీ) చుట్టూ ఉండే ఓ-రింగ్ (రబ్బరు వలయం) లేదా ప్యాకింగ్ పని. గోడకు ఆనుకున్న పళ్లెం వెనుక తడి కనిపించినా, పక్క గదిలో సున్నం పొంగినా పరిస్థితి వేరు. అది గోడలోని ఎల్బో (పైపు మలుపు) దగ్గరి కారుడు కావచ్చు, అక్కడ మీ చేతి పనిని ఆపి అనుభవమున్న ప్లంబర్‌ను పిలవాలి.

పని మొదలుపెట్టడానికి ఆదివారం సాయంత్రాన్ని ఎంచుకోకండి. భాగం విరిగినప్పుడు దుకాణం తెరిచి ఉండాలి కదా! ఆదివారం నగరంలో హార్డ్‌వేర్ దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. పని దినాన ఉదయం, రెండు మూడు బకెట్లు నింపి పెట్టుకున్నాకే ప్రారంభించాలి. టెర్రస్ మీది వాల్వు మూయవలసి వస్తే అదే లైనులో ఉన్న పొరుగువారికీ, వాచ్‌మన్‌కూ ముందే చెప్పాలి. లేకపోతే మీరు నల్లా విప్పి కూర్చున్న వేళ ఎవరో పైకి వెళ్లి దాన్ని తిప్పేస్తారు.

ముందుగా గీజర్‌ను ఎంసీబీ (కరెంటు బోర్డులోని రక్షణ స్విచ్) దగ్గరే ఆపి, నీరు చల్లారే దాకా ఆగండి. 60 డిగ్రీల వేడి ఉన్న నీరు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని తీవ్రంగా కాలుస్తుంది. నల్లా ముట్టుకున్నప్పుడు ఎప్పుడైనా చేతికి సన్నగా కరెంటు తగిలినట్టు అనిపించి ఉంటే, ఎలక్ట్రీషియన్ చూసేవరకు దాని జోలికి పోకూడదు. ప్రెషర్ పంపు ఉన్నవారు దాని స్విచ్ కూడా ఆపాలి.

తరువాతది వాల్వు. పాత గేట్ వాల్వులు ఏళ్ల తరబడి తిప్పకపోవడం వల్ల బిగుసుకుపోతాయి. హైదరాబాద్ బోరు నీటిలో సున్నపు పేరుకుడు ఎక్కువ, అది వాల్వు స్పిండిల్ చుట్టూ కూడా గట్టిపడుతుంది. చేతితో తిరగని దాన్ని పైపు రెంచితో తిప్పితే స్పిండిల్ తెగి, నీటిని ఆపే దారే ఉండదు. అలాంటప్పుడు ట్యాంకు దగ్గరి వాల్వును ఆశ్రయించడం మేలు. ఏ వాల్వు మూసినా, అదే లైనులోని కింది నల్లా తెరిచి నీరు పూర్తిగా ఆగిందని చూసుకున్నాకే ముందుకు సాగాలి. సగం మూసుకున్న వాల్వు ముందు నల్లా తల విప్పితే, నీటి జల్లు సూటిగా మన ముఖానికే తగులుతుంది. ప్రతి 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ ఒత్తిడి ఉంటుంది కాబట్టి, ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో కింది ఇంటివారు పై అంతస్తు వారికంటే ఎక్కువ జాగ్రత్త పడాలి.

టబ్‌లో పాత దుప్పటి పరచండి. జారిపడిన రెంచి అక్రిలిక్‌ను పగులగొడుతుంది, తడి అంచు మీద నిలబడినవారు జారిపడతారు. అంచు మీద కాలు పెట్టకండి. మురుగు జాలీని గుడ్డతో మూస్తే స్క్రూలు, ఓ-రింగులు దానిలో పడవు. విప్పే ప్రతి దశనూ ఫోనులో ఫొటో తీసుకోండి. నల్లా తలను తిప్పేటప్పుడు గోడకు బిగించి ఉన్న నల్లా భాగాన్ని గుడ్డ చుట్టిన రెండో పానాతో కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే ఆ బలం గోడలోని సీపీవీసీ (ప్లాస్టిక్ పైపు) ఎల్బోకు చేరి అక్కడ సన్నని పగులు తెస్తుంది. ఇలా పుట్టిన లీకే అన్నిటికంటే ఖరీదైనది.

లోపలి భాగం బయటకు వచ్చాక వాషర్‌ను మాత్రమే చూసి ఊరుకోకండి. టార్చి వేసి, వేలితో సీటు అంచును చుట్టూ తడమండి. గరుకు గానీ, సన్నని గాడి గానీ తగిలితే ఎన్ని కొత్త వాషర్లు వేసినా కొద్ది రోజుల్లోనే నలిగిపోతాయి. సీటును సాన పట్టించాలి, లేదా మార్చాలి. మరమ్మతు తరువాత మళ్లీ కారే పాత తరహా నల్లాలలో మొట్టమొదట చూడవలసిన చోటు ఇదే. క్వార్టర్ టర్న్ (పావు తిప్పుతో తెరుచుకునే) కార్ట్రిడ్జి ఉన్నదైతే సిరామిక్ పలకల మధ్య ఇసుక రేణువు, టెఫ్లాన్ పోగు, సీపీవీసీ తురుము చిక్కుకున్నా నీరు కారుతుంది. అందుకే కొత్తది పెట్టే ముందు రంధ్రం ఎదుట బకెట్, గుడ్డ పట్టుకుని, వాల్వును కొద్దిగా తెరిచి రెండు మూడు సెకన్లు నీటిని బయటకు వదలాలి.

కొత్త కార్ట్రిడ్జి కొనడానికి పాతదాన్ని వెంట తీసుకెళ్లండి. సికింద్రాబాద్ రాణీగంజ్‌కు వెళ్లినా, కాలనీ దుకాణానికి వెళ్లినా మాటలతో వర్ణిస్తే వేరేది చేతికి రావచ్చు. ఎడమకు తిరిగేవి, కుడికి తిరిగేవి వేరు; పిడి కూర్చునే పళ్ల సంఖ్య కూడా వేర్వేరుగా ఉంటుంది. ఒకే లివరున్న నల్లాలలో 35, 40 మిల్లీమీటర్ల కార్ట్రిడ్జిలు సాధారణం. ఈ రెండూ చూపుకు ఒకటిగానే ఉంటాయి.

సున్నపు పొర తొలగించడానికి బాత్‌రూమ్ యాసిడ్ వాడకండి. అది క్రోమ్ పూతను తింటుంది, బ్లీచింగ్‌తో కలిస్తే ప్రమాదకరమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. నిమ్మరసంలోనో, వెనిగర్‌లోనో ఆ భాగాన్ని కొంతసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. రబ్బరు భాగాలను మాత్రం ముందే తీసి పక్కన పెట్టాలి.

బిగించేటప్పుడు చేతితో పట్టు దొరికే వరకు తిప్పి, ఆపైన పానాతో కొద్దిగా మాత్రమే బిగించాలి. వాల్వును నెమ్మదిగా తెరిచి, కీళ్లను పొడిగుడ్డతో తుడిచి, వాటి చుట్టూ టిష్యూ కాగితం చుట్టండి. ఒక చుక్క ఊరినా కాగితం మీద మచ్చ కనిపిస్తుంది. గీజర్ ఆన్ చేసే ముందు వేడినీటి నల్లాలో గాలి పోయి ధార నిలకడగా వచ్చేలా చూడండి. గీజర్ నిండకుండా స్విచ్ వేస్తే లోపలి కాయిల్ కాలిపోతుంది. రాత్రి పడుకునే ముందు పొడి మగ్గును నల్లా కింద పెట్టి, ఉదయం ఎవరూ స్నానానికి వెళ్లకముందే దానిలో ఎంత నీరు చేరిందో చూడండి.