ఓపీకి రానివాళ్లను లెక్కపెట్టండి: పీహెచ్‌సీలో చిన్న పరిశోధన ఇలా చేయొచ్చు

పరిశోధన అనగానే తిరుపతి స్విమ్స్‌లోనో, ఎస్వీ మెడికల్ కాలేజీలోనో పీజీ డాక్టర్లు చేసే పని అనుకుంటాం. అంత లేదండీ. ఒక రిజిస్టర్, ఊళ్లు తెలిసిన ఆశా కార్యకర్త, కాస్త ఓపిక ఉంటే పీహెచ్‌సీలోనూ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ చేయొచ్చు. చిత్తూరు జిల్లాలో ఒక పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుగా ఉన్నప్పుడు బీపీ పేషెంట్ల మీద నేనూ చేశాను, మొదటిసారి తప్పుగా చేశాను.

ముందు ప్రశ్నను చిన్నది చేసుకోండి. "మా సేవలు ఎలా మెరుగుపడాలి" అనేది మీటింగుల్లో మాట్లాడుకునే మాట. "జనవరిలో బీపీ మాత్రలు మొదలుపెట్టినవాళ్లలో ఎంతమంది ఏప్రిల్‌లో కూడా వేసుకుంటున్నారు, వాళ్లలో ఎంతమందికి బీపీ 140/90 లోపల ఉంది" అంటే అది వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన ప్రశ్న.

నా తప్పేమిటంటే, ఓపీ లైన్లో నిలబడ్డవాళ్లనే అడిగాను. మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అంటే అందరూ వేసుకుంటున్నామన్నారు, నేనూ సంబరపడిపోయాను. వేసుకునేవాళ్లే కదా వచ్చేది! మానేసినవాళ్లు ఇంట్లో ఉంటారు. అందుకని రిజిస్టర్‌లో పేరుండి ఈ నెల రానివాళ్ల జాబితా రాసుకుని, వాళ్ల గడపకే వెళ్లండి.

వెళ్లేముందు ఆ రిజిస్టర్‌ని ఒకసారి అనుమానంగా చూడండి. 140/90, 130/80, 150/90... అన్నీ సున్నాతోనే ముగుస్తుంటే ఎవరో అందాజాగా రాశారని అర్థం, మిషన్‌లో 137, 142 లాంటివి కూడా రావాలి కదా. బీపీ చూసేటప్పుడు మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపుకు ఆనుడు, చెయ్యి గుండె ఎత్తులో, అంతకు ముందు అరగంటలో కాఫీ, బీడీ తాగి ఉండకూడదు. రెండుసార్లు చూడండి. బస్సు దిగి పరిగెత్తుకొచ్చిన మనిషికి వెంటనే కఫ్ చుట్టి రాసిన అంకెతో పరిశోధన చేస్తే అంతా వృథా.

ఇంటికెళ్లాక "ఎందుకు మానేశావు" అని మాత్రం అడగొద్దు, తిడుతున్నారనుకుంటారు. మిగిలిన మాత్రలు చూపించమని అడగండి. ఒక పెద్దావిడ దేవుడి గూట్లో విభూతి పొట్లం పక్క నుంచి షీటు తీసింది. పదిలో నాలుగే ఖాళీ. "తల తిరిగిన పొద్దు వేసుకుంటాలేమ్మా" అంది. నా ఫారంలో దూరం, డబ్బు, మందు లేదు అని మూడే కారణాలు ఉన్నాయి, ఆమె చెప్పింది రాయడానికి చోటే లేదు. తలనొప్పి మాత్రలాగే ఇదీ అనుకుందావిడ, మనమెవరమూ చెప్పలేదు మరి. అప్పటి నుంచి ఫారం చివర నాలుగు లైన్లు ఖాళీగా వదులుతున్నాను, వాళ్ల మాటను వాళ్లన్నట్టే రాయడానికి.

మన జిల్లా సంగతులు ఇంకొన్ని. రానివాళ్లంతా మానేసినవాళ్లు కాదు, కొందరు వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో చూపించుకుంటుంటారు, వాళ్లను వేరే గడిలో రాయండి. కుప్పం, నగరి వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు చాలామంది, తెలుగు ఫారం ఒక్కటే పట్టుకెళ్తే సగం అర్థం కాక తలూపుతారు. మామిడి కోతల్లో కూలి వదులుకుని ఎవరు వస్తారు? కాబట్టి జూన్‌ను ఫిబ్రవరితో పోల్చకండి, పోయిన ఏడాది జూన్‌తో పోల్చండి.

ఇంటి దగ్గర ఎవరికైనా 180/120 దాటి కనిపిస్తే కాసేపాగి మళ్లీ చూడండి, అప్పుడూ అంతే ఉంటే ఫారం మడిచి అదే రోజు డాక్టరు దగ్గరకు పంపండి. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం ఉంటే వెంటనే 108. పరిశోధన తర్వాత.

అనుమతి సంగతి మొదలుపెట్టకముందే చూసుకోవాలి. మెడికల్ ఆఫీసరుకు రాతపూర్వకంగా పెట్టండి. జర్నల్‌కు పంపే ఆలోచన ఉంటే ఎథిక్స్ కమిటీ (మనుషుల మీద చేసే పరిశోధన నైతికంగా సరైనదేనా అని చూసే కమిటీ) ముందే ఒప్పుకోవాలి, పని అయ్యాక అడిగితే కుదరదు. పరిశోధనలో నైతికత మీద 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు ఒకసారి చదవండి. ఫారం మీద పేరు వద్దు, మీరు వేసుకున్న వరుస నంబరు చాలు. పేరూ నంబరూ కలిపిన కాగితం బీరువాలో తాళం వేసి ఉంచండి, వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నా.

కారణం దొరికాక ఒక్కటే మార్చండి. మేం మార్చింది మాత్రలిచ్చే కిటికీ దగ్గర చెప్పే ఒక్క మాట: "తల తిరగకపోయినా రోజూ వేసుకో". అదే నెలలో ఓపీ టైము కూడా మారిస్తే దేనివల్ల బాగుపడిందో మీకే తెలీదు. ప్రతి నెలా తిరిగొచ్చినవాళ్లు వందకి ఎంతమందో గ్రాఫ్ పేపర్ మీద ఒక చుక్క పెట్టి, మందుల గది తలుపుకు అంటించండి. ఒక నెల చుక్క పైకి పోగానే స్వీట్లు పంచకండి, కనీసం ఆరు చుక్కలు పడనివ్వండి.