ఇంటిల్లిపాది ప్రయాణాల లెక్క: బెంగళూరులో వారం పాటు రాసి చూడండి

మారతహళ్లిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఇల్లు వెతికేటప్పుడు ఆఫీసు ఎంత దూరమో అందరూ అడుగుతారు. బడి, కూరగాయల కొట్టు, అత్తగారిని చూపించే ఆసుపత్రి సంగతి ఆ తర్వాత గుర్తొస్తుంది. పెట్రోలు ఖర్చు, చిరాకు తగ్గాలంటే ముందు ఇంట్లో ఎవరు, ఎందుకు, ఎలా తిరుగుతున్నారో కాగితం మీదికి రావాలి.

ఒక నోట్‌బుక్ తీసుకుని మనిషికో పేజీ, ప్రయాణానికో వరుస పెట్టండి. బయల్దేరిన వేళ, చేరిన వేళ, ఎక్కడికి, ఏ పనికి, దేని మీద, వెంట ఎవరు, ఎంత ఖర్చు అనేవి రాయండి. చివరి గడి మాత్రం ‘ఇలాగే ఎందుకు వెళ్లాం?’ అన్నదానికి. ‘వాన’, ‘ఫుట్‌పాత్ లేదు’, ‘స్కూటర్ ఆయన తీసుకెళ్లారు’ అని రెండు ముక్కలు చాలు. అసలు జవాబులన్నీ ఈ గడిలోనే దొరుకుతాయి.

పిల్లాణ్ణి బడిలో దింపి, మందులు కొని, పాలు తీసుకుని ఇంటికొస్తే అవి నాలుగు వరుసలు. ఒక్క వరుసలో కుదిస్తే ఆ మనిషికి బస్సు ఎందుకు అక్కరకు రావడం లేదో తెలియదు. చాలా ఇళ్లలో ఈ గొలుసు పనులు ఆడవాళ్లవే, బండి మాత్రం ఆఫీసు పార్కింగ్‌లో ఉంటుంది. నడిచి వెళ్లినవీ రాయాలి. రాత్రి గుర్తు తెచ్చుకుని రాస్తే చిన్న ప్రయాణాలు జారిపోతాయి కాబట్టి ఇంటికి రాగానే రాయండి.

బడి సెలవుల్లో, ఊరెళ్లే పండగ వారంలో రాయకండి. ఫిబ్రవరిలో ఒక వారం, వానలు గట్టిగా పడే సెప్టెంబరులో ఒక వారం రాస్తే తేడా తెలుస్తుంది. ఫిబ్రవరిలో నడిచిన చోటికే సెప్టెంబరులో ఆటో ఎక్కారంటే బద్ధకమని తేల్చేయకండి, ఆ దారిలో నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి.

బస్టాపు దాకా పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి నడిచి చూడండి. 500 మీటర్లకు ఆరేడు నిమిషాలు పడుతుంది. పన్నెండు పడితే రోడ్డు దాటడం దగ్గరే ఆగిపోతున్నారన్నమాట. వీధి దీపం లేని చోట్లు గుర్తు పెట్టండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు స్కైవాక్ (రోడ్డు దాటే నడక వంతెన) మెట్లు ఉన్నా లేనట్టే.

2023 జూన్ 11 నుంచి ‘శక్తి’ పథకం కింద ఏసీ లేని బీఎంటీసీ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, అయితే అది కర్ణాటక నివాసులకే. ఆధార్‌లో ఇంకా అనంతపురం చిరునామా ఉంటే డబ్బు కట్టాల్సిందే. ఇక్కడే స్థిరపడితే చిరునామా మార్పించుకోండి.

వారం అయ్యాక ఖర్చు కూడండి. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆఫీసుకు రానూపోనూ 28 కిలోమీటర్లు, కారు లీటరుకు 14 ఇస్తే రోజుకు 4.6 కిలోలు. అదే దూరం 45 ఇచ్చే స్కూటర్ మీదైతే దాదాపు 1.4.

మార్పు ఒక్క ప్రయాణంతో మొదలుపెట్టండి. రోజూ ఒకే వేళకు జరిగేదీ, వెంట ఎవరూ లేనిదీ, మధ్యలో ఆగనిదీ ఎంచుకోండి. చాలామందికి అది ఆఫీసు దారే. ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 2025 ఆగస్టులో పసుపు లైను మొదలైంది కనుక, ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లేవాళ్లు మెట్రో ఎక్కి స్కూటర్‌ను ఇంట్లో వదిలేస్తే గొలుసు పనులు చేసేవాళ్ల చేతికి బండి వస్తుంది. వాళ్లకు లైసెన్సు లేకపోతే ఈ ఏర్పాటు మొదటి వారమే ఆగిపోతుంది. లెర్నర్ లైసెన్సు వచ్చిన 30 రోజులకు గానీ డ్రైవింగ్ పరీక్షకు వెళ్లలేరు, అందుకే దరఖాస్తు ముందే పెట్టండి. కొత్త పద్ధతిని రెండు వారాలు నడిపి, పాత పద్ధతికి మళ్లిన ప్రతి రోజూ చివరి గడి నింపండి. ఒకే కారణం మూడుసార్లు కనిపిస్తే ముందు దాని సంగతి చూడండి.