ఫోన్ పనిచేస్తోంది, కంప్యూటర్‌కి మాత్రం నెట్ రావట్లేదు

బల్ల దగ్గర ఒక్కటే నెట్‌వర్క్ పాయింట్ ఉంటే గోడ కేబుల్‌ని ఐపీ ఫోన్‌కి (నెట్‌వర్క్ మీద పనిచేసే ఆఫీసు ఫోన్), ఫోన్ నుంచి ఇంకో కేబుల్‌ని కంప్యూటర్‌కి పెడతాం. ఫోన్ లోపల చిన్న స్విచ్ (నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే పరికరం) ఉంటుంది, కంప్యూటర్ నెట్ అంతా దానిగుండానే వెళ్తుంది. అందుకే విండోస్ సెట్టింగులు కెలికేముందు ఫోన్‌ని వెనక్కి తిప్పి చూడండి.

అన్నిటికన్నా ముందు ఒక పరీక్ష చేయాలి. ఆఫీసు ఐటీ వాళ్లకు చెప్పి, గోడ కేబుల్‌ని కాసేపు నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి. నెట్ వస్తే తేడా ఫోన్‌లోనో మధ్య కేబుల్‌లోనో ఉన్నట్టు. ఆ కేబుల్‌లో ఫోన్‌కి కరెంటు కూడా వస్తుంది కదా, కంప్యూటర్ కాలిపోతుందేమోనని టెన్షన్ పడక్కర్లేదు. నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే 802.3ఏఎఫ్ ప్రమాణం పాటించే ఆఫీసు స్విచ్, అవతల ఉన్నది కరెంటు అడిగే పరికరమేనని తేల్చుకున్నాకే కరెంటు వదులుతుంది. అలా చూసుకోకుండా కరెంటు పంపే చిన్న అడాప్టర్ మధ్యలో ఉంటే మాత్రం దాన్ని తప్పించాకే కలపండి.

కంప్యూటర్ పోర్ట్ దగ్గర లైటే వెలగట్లేదా?
మధ్య కేబుల్ మార్చి చూడండి. అది "పీసీ" అని రాసిన పోర్ట్‌లోనే ఉందా? గోడ కేబుల్‌ని పొరపాటున అందులో పెడితే, విడిగా కరెంటు అడాప్టర్ లేని ఫోన్ సాధారణంగా ఆన్ కూడా కాదు. అన్నీ సరిగ్గానే ఉంటే ఫోన్ సెట్టింగుల్లో పీసీ పోర్ట్‌ని ఆపేసి ఉండొచ్చు. దాన్ని ఐటీ వాళ్లే తెరవాలి.

లైటు వెలుగుతోంది, నెట్ లేదా?
ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. అడ్రస్ 169.254తో మొదలైతే కంప్యూటర్‌కి డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే సర్వర్) నుంచి జవాబు రాలేదని అర్థం. వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌లో విడదీసిన వేరే నెట్‌వర్క్. మామూలుగా ఫోన్ మాటలు ట్యాగ్‌తో (ఏ వీల్యానో చెప్పే గుర్తుతో) వాయిస్ వీల్యాన్‌లో, కంప్యూటర్ డేటా ట్యాగ్ లేకుండా వేరే వీల్యాన్‌లో వెళ్తాయి. ఆఫీసు స్విచ్ పోర్ట్‌లో ఆ రెండో వీల్యాన్ సరిగ్గా పెట్టకపోతే ఫోన్ మోగుతూనే ఉంటుంది, కంప్యూటర్ ఒంటరైపోతుంది. కంప్యూటర్‌కి ఫోన్ వరసలోని అడ్రసే వస్తుంటే, అది వాయిస్ వీల్యాన్‌లో పడిందన్నమాట. ఫోన్‌దీ, కంప్యూటర్‌దీ రెండు అడ్రస్‌లూ రాసి అడ్మిన్‌కి పంపండి, సగం పని అయిపోతుంది.

కంప్యూటర్ పెట్టగానే ఫోన్ కూడా ఆగిపోతోందా?
ఆఫీసు స్విచ్‌లోని పోర్ట్ సెక్యూరిటీలో (ఒక పోర్ట్‌కి ఎన్ని పరికరాలు కలపొచ్చో పెట్టే హద్దు) ఒక్క మ్యాక్ అడ్రస్‌కే (ప్రతి పరికరానికీ ఉండే సొంత నంబర్) అనుమతి ఉండొచ్చు. ఫోన్, కంప్యూటర్ కలిస్తే కనీసం రెండు కావాలి, కొన్ని స్విచ్‌లలో మూడు. పరిమితి పెంచి, మూసుకుపోయిన పోర్ట్‌ని అడ్మినే తెరవాలి.

నెట్ నెమ్మదిగా ఉందా?
పాత ఫోన్ల పీసీ పోర్ట్ 100 ఎంబీపీఎస్ దాటదు. ఫోన్ గిగాబిట్‌దే (1000 ఎంబీపీఎస్) అయినా 100 చూపిస్తే కేబుల్ మార్చండి. 100కి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఇక నెట్ ఉన్నట్టుండి తెగి మళ్లీ వస్తుంటే, ఆ సమయంలో ఫోన్ రీస్టార్ట్ అయిందేమో గమనించండి.

కంప్యూటర్ తీసేసినప్పుడు ఖాళీగా వేలాడే కేబుల్‌ని గోడలోని ఇంకో పాయింట్‌లో పెట్టేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. ఫోన్‌గుండా నెట్‌వర్క్‌లో లూప్ ఏర్పడుతుంది, స్విచ్‌లో దాన్ని ఆపే రక్షణ లేకపోతే ఆఫీసు మొత్తానికీ నెట్ పోతుంది. ఆ కేబుల్‌ని రెండు చివరలా పీకి సొరుగులో పెట్టేయండి.