మడమ స్కాన్: కాలు పెట్టే ముందు, చీటీ చేతికొచ్చాక

పిన్ని ఫోన్ చేసి, "గ్రీన్ వచ్చిందే, నా ఎముకలు గట్టిగానే ఉన్నాయట" అంది. ఎవరో శిబిరం పెట్టి అందరికీ మడమ అల్ట్రాసౌండ్ తీశారు. ఆకుపచ్చ గడిలో చుక్క పడిన చీటీ చేతిలో పెట్టి పంపేశారు. అంతకు రెండేళ్ల ముందే ఆమె బాత్రూంలో జారి, చెయ్యి ఆనించబోయి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు. ఆమెకూ చెప్పాలని తోచలేదు. రోజంతా ఇదే మెషీన్ ముందు కూర్చునే నేను కూడా "మంచిదే పిన్నీ" అని ఫోన్ పెట్టేశాను. ఏడాది తిరక్కుండానే నీళ్ల బకెట్ ఎత్తబోతే నడుము పట్టేసింది. ఎక్స్‌రే తీస్తే వెన్నుపూస ఒకటి నలిగిపోయి ఉంది.

ఆ రోజు నుంచి నా దగ్గరికి స్కాన్‌కి ఎవరు వచ్చినా ముందు కాగితం తీసి ప్రశ్నలు అడుగుతాను, తర్వాతే కాలు పెట్టమంటాను. మీరూ ఆ వరసలోనే వెళ్లాలని ఇది రాస్తున్నాను.

ముందు ఆ ప్రశ్నలు. యాభై దాటాక, నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే ఏదైనా ఎముక విరిగిందా? అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా? స్టిరాయిడ్ మాత్రలు వాడారా? ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ అయితే రోజుకు 5 మిల్లీగ్రాములో అంతకన్నా ఎక్కువో, మూడు నెలలు పైబడి వాడితే లెక్కలోకి వస్తుంది. రుమటాయిడ్ కీళ్లవాతం ఉందా, పొగ, మద్యం అలవాటా, నెలసరి 45 ఏళ్ల లోపే ఆగిపోయిందా, గత ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారు? చెప్పులు విప్పించి, గోడకు ఆనించి ఎత్తు కూడా చూస్తాను. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే 4 సెంటీమీటర్లో అంతకన్నా ఎక్కువో తగ్గితే, మడమ రిపోర్ట్ ఎలా ఉన్నా సరే, వెన్ను ఎక్స్‌రే గురించి డాక్టర్‌ని అడగమంటాను. వెన్నుపూసలు చాలాసార్లు చప్పుడు లేకుండానే నలుగుతాయి. నడుం నొప్పి వయసుతో వచ్చిందేలే అని సరిపెట్టుకుంటారు.

అసలు మడమే ఎందుకని చాలామంది అడుగుతారు. మడమ ఎముక లోపల సుమారు 90 శాతం జల్లెడలా అల్లుకున్న ఎముకే. వెన్నుపూసల లోపల ఎక్కువగా ఉండేదీ అదే రకం, మెనోపాజ్ తర్వాత త్వరగా పలచబడేదీ అదే. పైగా మడమ రెండు పక్కలా దాదాపు చదునుగా ఉంటుంది, కండ తక్కువ. ఒక పక్క ప్రోబ్ ధ్వనిని పంపిస్తుంది, రెండో పక్కది వింటుంది. కడుపు స్కాన్‌లో లాగా బొమ్మ చూసి చెప్పే పరీక్ష కాదిది, అంకెలు చూసి చెప్పేది. ఎక్స్‌రే కిరణాలు ఉండవు, నొప్పి ఉండదు, నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది.

ఆ అంకెలు ముఖ్యంగా రెండు. ఒకటి, ధ్వని మడమను ఎంత వేగంగా దాటింది అన్నది. ఇది సెకనుకు 1,500 నుంచి 1,600 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. రెండోది, దాటేటప్పుడు ధ్వని ఎంత నీరసించింది అన్నది. సెకనుకు 2 లక్షల నుంచి 6 లక్షల కంపనాలున్న ధ్వనిని పంపి, కంపనాలు పెరిగేకొద్దీ అది ఎంత తగ్గుతోందో చూస్తారు. గట్టి అల్లిక ఉన్న ఎముక ధ్వనిని ఎక్కువగా మింగుతుంది, గుల్లబారిన ఎముక వదిలేస్తుంది. మడమ మీద ఈ కొలతను 1984లో లాంగ్టన్, ఆయన సహచరులు మొదట ప్రకటించారు. కొన్ని మెషీన్లు ఈ రెండు అంకెల్నీ కలిపి 'స్టిఫ్‌నెస్ ఇండెక్స్' అని ఒకే అంకె ఇస్తాయి. పేరు అలా ఉన్నా, ఎముకను వంచి చూసిన గట్టితనం కాదది, పై రెండింటినీ కలిపిన లెక్క మాత్రమే.

ఇక కాలు పెట్టడం. నా టైమంతా ఇక్కడే పోతుంది, పోవాలి కూడా. అల్ట్రాసౌండ్‌కి గాలి అంటే గోడే. ఒకసారి డెబ్భై దాటిన మామ్మగారు వచ్చారు. మడమలు లోతుగా పగిలి ఉన్నాయి, పొద్దున్నే నూనె రాసుకున్నారు. మొదటి కొలతలో టి-స్కోర్, అంటే యువ వయసువాళ్ల సగటుతో పోల్చి చెప్పే అంకె, మైనస్ 2.9 వచ్చింది. కాలు తీయించి మళ్లీ పెట్టిస్తే మైనస్ 1.8. ఒకే మడమ, పది నిమిషాల తేడా! నేను ఆపేశాను. స్పిరిట్ దూదితో మడమ రెండు పక్కలా జిడ్డు పోయేదాకా తుడిచాను. జెల్‌ని పైపైన పూయకుండా వేలితో ఒక్కో పగుల్లోకి దింపాను, లోపలున్న బుడగలు బయటికి వచ్చేలా నొక్కుతూ. రెండు నిమిషాలు ఆగి తీస్తే మైనస్ 2.1, కాలు తీసి మళ్లీ పెడితే మైనస్ 2.0. అప్పుడు రాసుకున్నాను. మొదటి అంకెతోనే పంపేసి ఉంటే ఆమె ఎంత టెన్షన్ పడేవారో!

అందుకే స్కాన్ తీయించుకునే రోజు కాళ్లకు నూనె, క్రీమ్ రాసుకోకండి. మెషీన్ మీద రెండుసార్లు, మధ్యలో కాలు తీసి, కొలవమని అడగండి. అలా అడగడం తప్పేమీ కాదు, సరిగ్గా చేసేవాళ్లు వద్దనరు. రెండు అంకెలూ బాగా దగ్గరగా లేకపోతే మూడోది తీయాలి. పొద్దున మెషీన్‌ని ఫాంటమ్‌తో సరిచూశారా అని కూడా అడగొచ్చు. ఫాంటమ్ అంటే ఎంత అంకె రావాలో ముందే తెలిసిన నమూనా దిమ్మ. అది తప్పు చూపిస్తే ఆ రోజు ఎవరి మడమా కొలవకూడదు.

పాదం వాచి ఉంటే వేరే రోజు రండి. వాపులోని నీరు వల్ల వేగం అసలు కంటే తక్కువగా కనిపించే అవకాశం ఉంది. పాదం చల్లబడి ఉంటే దీనికి తలకిందులు. మడమ లోపలి మజ్జలో కొవ్వు ఉంటుంది, చల్లబడితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది, ఎముక ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. చలిలోంచి వచ్చినవాళ్లను నేను కాసేపు మేజోళ్లతో కూర్చోబెడతాను. ఇంతకు ముందు విరిగిన, లోపల లోహం ఉన్న, పుండు ఉన్న పాదం వద్దు, రెండోది పెట్టండి. కాలు పెట్టాక మోకాలు, పిక్క, పాదం ఒకే వరసలో ఉండాలి. మడమ వెనక్కి పూర్తిగా ఆనాలి. కొలిచే ఆ కొద్ది క్షణాలూ కదలకూడదు, మాట్లాడకూడదు.

చీటీ చేతికొచ్చాక అసలు గందరగోళం మొదలవుతుంది. టి-స్కోర్ అంటే ఆరోగ్యంగా ఉన్న యువ వయసువాళ్ల సగటుతో పోలిక. జెడ్-స్కోర్ మీ వయసువాళ్లతో పోలిక. "మైనస్ 2.5 కంటే కిందికి వస్తే ఎముకలు గుల్లబారినట్టే" అని మీరు విని ఉంటారు. ఆ హద్దును ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఎక్స్‌రేతో కొలిచే సాంద్రతకు పెట్టింది. ఇప్పుడు దాన్ని తుంటి, నడుము, ముంజేతి డెక్సా స్కాన్‌కే, అంటే ఎక్స్‌రేతో ఎముక సాంద్రత కొలిచే పరీక్షకే, వాడతారు. మడమ అల్ట్రాసౌండ్‌కి అది వర్తించదు. ఒక కంపెనీ మెషీన్‌లో వచ్చిన అంకెను ఇంకో కంపెనీదానితో పోల్చడమూ కుదరదు, కొలిచే తీరు, పోల్చే జనం రెండూ వేరు. కాబట్టి మైనస్ 2.7 చూసి జబ్బు ఖాయమైందని బెంబేలెత్తకండి. మైనస్ 0.8 చూసి పిన్నిలా తేలిగ్గానూ తీసుకోకండి.

అలాగని ఈ పరీక్షను కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. ఫ్రాన్స్‌లో 75 ఏళ్లు దాటిన 5,662 మంది స్త్రీలతో జరిగిన ఎపిడోస్ అధ్యయనం 1996లో వెలువడింది. మడమలో ధ్వని నీరసించే కొలత ఒక మెట్టు, అంటే ఒక ప్రామాణిక విచలనం, తగ్గిన ప్రతిసారీ తుంటి విరిగే ముప్పు సుమారు రెండింతలైంది. తుంటి డెక్సా కొలత కూడా దాదాపు అంతే చెప్పింది. మెనోపాజ్ దాటిన స్త్రీలకు, 65 దాటిన పురుషులకు సరైన మెషీన్‌తో తీస్తే ఇది ముప్పును నిజంగానే పట్టిస్తుంది. డెక్సా దూరంగా ఉన్నచోట, మంచం దిగలేనివాళ్ల దగ్గర దీని విలువ ఇంకా ఎక్కువ. వయసులో ఉన్నవాళ్లు ఊరికే సరదాకి తీయించుకుంటే మాత్రం ఒరిగేదేమీ లేదు.

అంకె తక్కువగా వచ్చినా, మధ్యలో ఉన్నా, లేక అంకె బాగున్నా పై ప్రశ్నల్లో దేనికైనా "అవును" అన్నా, డాక్టర్ దగ్గరికి వెళ్లి డెక్సా గురించి అడగండి. చీటీ చూసి మందుల షాపులో మీ అంతట మీరే మందులు కొనేసుకోకండి. ఫ్రాక్స్ అనే ఆన్‌లైన్ లెక్క ఒకటి ఉంది. 40 నుంచి 90 ఏళ్లవాళ్లకు రాబోయే పదేళ్లలో ఎముక విరిగే ముప్పు ఎంతో శాతంలో చెబుతుంది. అందులో సాంద్రత అడిగే గడిలో మడమ అంకె వేయకండి, అది తుంటి మెడ, అంటే తొడ ఎముక పైన సన్నటి భాగం, డెక్సా కోసం. ఆ గడి ఖాళీగా వదిలినా లెక్క వస్తుంది. కింద పడటాల గురించి ఆ లెక్క అడగదు, అది మీరే డాక్టర్‌కి చెప్పాలి. తల తిరిగి పడ్డారా, చూపు ఆనక పడ్డారా, నిద్రమాత్ర వేసుకున్న రాత్రి పడ్డారా, ఆ వివరంతో సహా.

పిన్ని ఇప్పుడు మందు వాడుతోంది. మొన్న ఫోన్ చేసి, "ఓసారి మడమ పెట్టి చూడవే, ఎంత పెరిగిందో" అంది. మందు పనిచేస్తోందా లేదా అన్నది మడమ అల్ట్రాసౌండ్‌తో తేల్చకూడదు. మడమలో వచ్చే మార్పు చిన్నది, కొలతలో సహజంగా వచ్చే తేడా దాన్ని మింగేస్తుంది. "డాక్టర్ చెప్పిన గడువుకి డెక్సాకే వెళ్లు పిన్నీ, పోయినసారి తీసిన మెషీన్ మీదే తీయించుకో, పాత రిపోర్ట్ పట్టుకెళ్లడం మర్చిపోకు" అన్నాను.